పాముల గదిలో హీటరు పెట్టే ముందు

హైదరాబాద్ నెహ్రూ జూలాజికల్ పార్క్, విశాఖపట్నం ఇందిరాగాంధీ జూలాజికల్ పార్క్, తిరుపతి శ్రీ వేంకటేశ్వర జూలాజికల్ పార్క్, వరంగల్ కాకతీయ జూలాజికల్ పార్క్ క్యూరేటర్ గార్లకు బహిరంగ లేఖ



కార్తీకం దాటేసరికి ఏటా పత్రికల్లో ఒక వార్త వస్తుంది. జూలో మూగజీవాలకు చలి తగలకుండా ఏర్పాట్లు చేశారని, పక్షుల ఎన్‌క్లోజర్లకు పరదాలు కట్టారని, కోతులకు గోనెపట్టాలు పరిచారని, పాముల గదుల్లో బల్బులు, హీటర్లు పెట్టారని. పక్కనే ఒక ఫోటో. అందరూ జంతువును చూస్తారు, నేను హీటరు వైరు ఎటు పోతోందో చూస్తాను. ఉద్యోగమంతా ఫ్యాక్టరీల్లో ఓవెన్లకు, ఫర్నేసులకు కంట్రోల్ ప్యానెళ్లు కట్టడంలోనే గడిచింది మరి. వేడి పుట్టించే వస్తువు ఏది కనిపించినా నా నోటికి మొదట వచ్చే ప్రశ్న ఒకటే: ఎప్పుడు ఆగాలో దీనికి ఎవరు చెబుతారు?

ఈ లేఖ ఆ ఒక్క ప్రశ్న గురించి. మీ దగ్గర ఫలానా లోపం ఉందని వేలెత్తి చూపడానికి రాయడం లేదు. గాజుకు ఇవతల నిలబడే సందర్శకుడికి ఆ హక్కు లేదు. చలికాలం టెండర్లు పిలిచే ముందు చెవిన వేయాలనిపించింది, అంతే.

ముందు మన చలి సంగతి. సరీసృపాల గదులను వెచ్చబెట్టడం గురించి దొరికే సలహాల్లో చాలావరకు చలిదేశాల వాళ్లు తమ కోసం రాసుకున్నవి. అక్కడ డిసెంబరులో పగలైనా రాత్రయినా బయట గడ్డకట్టే చలే కాబట్టి హీటరు రోజంతా నడిచినా ఇబ్బంది లేదు. హైదరాబాద్ లెక్క వేరు. జనవరిలో తెల్లవారుజామున 13, 14 డిగ్రీలు, కొన్ని రోజుల్లో 10 చుట్టుపక్కలకు దిగుతుంది. అదే రోజు మధ్యాహ్నం రెండింటికి 28, 29. గాజు మీద ఎండ పడే గదిలో ఇంకా ఎక్కువ. రాత్రి అవసరానికి వేసిన హీటరు మధ్యాహ్నం కూడా నడుస్తూ ఉంటే మూసి ఉన్న గది 40 దాటిపోవడానికి ఎంతోసేపు పట్టదు. చలికి పాము మందగిస్తుంది, మింగినది అరగక కక్కేస్తుంది, ఊపిరితిత్తులకు ఇన్‌ఫెక్షన్ రావచ్చు. వీటన్నిటికీ రోజులు పడుతుంది, మీ పశువైద్యులు గుర్తుపట్టే వ్యవధి ఉంటుంది. అతివేడి చంపాలంటే కొన్ని గంటలు చాలు. అందుకే మన ఊళ్లలో చలి కంటే నేను ఎక్కువ భయపడేది ఎవరూ ఆపని హీటరుకు. విశాఖలో సముద్రం పుణ్యమా అని రాత్రులు హైదరాబాదంత దిగవు, తిరుమల కొండ కింది తిరుపతి సంగతి మరోలా ఉంటుంది. నాలుగు జూలకూ ఒకే సర్క్యులరు, ఒకే వాటేజీ అంటే కుదరదు.

ఇక ఎవరికి వేడి కావాలి? అందరికీ అక్కర్లేదు. మన కొండచిలువనే తీసుకోండి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ పార్కులో శీతాకాలం రాత్రులు మన హైదరాబాదు కంటే బాగా చల్లగా ఉంటాయి. అక్కడి కొండచిలువలు ముళ్లపందులు తవ్విన బొరియల్లో తలదాచుకుని, ఎండెక్కాక బయటికొచ్చి బొరియ నోటి దగ్గరే చుట్టచుట్టుకుని కాచుకుంటాయి. వాటికి హీటరు పెట్టినవాడు లేడు. భూమి లోపలి నిలకడైన వెచ్చదనం, పగటి ఎండ, రెంటి మధ్య తిరిగే స్వేచ్ఛ ఉంటే వాటికి చాలు. పైగా మన కొండచిలువలు జతకట్టేది చలికాలంలోనే. ఆ ఋతువు మార్పును బల్బు పెట్టి చెరిపేస్తే వాటి ఒంటి క్యాలెండరు తప్పుతుంది. కాబట్టి స్థానిక కొండచిలువ ఎన్‌క్లోజరులో మట్టి కప్పిన లోతైన బొరియ ఒకటి కట్టించడం, నాలుగు హీటర్లు కొనడం కంటే మంచి ఖర్చు అని నా అభిప్రాయం. ఆరుబయట మడుగుల్లో ఉండే మొసళ్లకూ బల్బుల గొడవ అక్కర్లేదు. నిజంగా సాయం కావలసింది ఉష్ణమండలపు వర్షారణ్యాల నుంచి వచ్చిన ఇగ్వానాలకు, ఆఫ్రికా బాల్ పైథాన్లకు, జబ్బుపడిన వాటికి, గుడ్ల నుంచి కొత్తగా వచ్చిన పిల్లలకు. ముందు ఆ జాబితా తయారు చేసుకుంటే కొనాల్సిన సామానులో సగం తగ్గవచ్చు.

జాబితాలో మిగిలిన జంతువు ఒక పెద్ద మూసిన గదిలో ఉందనుకుందాం. నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల లోతు, రెండున్నర మీటర్ల ఎత్తు, ముందు వైపంతా గాజు. 'ఈ గదికి ఎన్ని వాట్లు కావాలి?' అని అడిగితే దుకాణం వాడు ఏదో ఒక అంకె చెబుతాడు. అంతకంటే ముందు అడగాల్సింది వేడి ఎటు పోతోందని. మామూలు ఒంటిపొర గాజులో చదరపు మీటరుకు, లోపలికీ బయటికీ ఉన్న ప్రతి డిగ్రీ తేడాకు, దాదాపు 5.7 వాట్లు కారిపోతాయి. ఈ గదికి పది చదరపు మీటర్ల గాజు ఉంది. లోపల 28, బయట 16 డిగ్రీలంటే తేడా 12. గాజు ఒక్కదాని గుండానే సుమారు 680 వాట్లు పోతాయన్నమాట. గదిలోని గాలి మొత్తం గంటకోసారి మారినా దానివల్ల పోయేది 120 వాట్లే. చలి వేస్తోందని మనం మొదట మూసేది వెంటిలేటరును, కానీ చిల్లు ఉన్నది గాజులో. మధ్యలో గాలి ఉన్న రెండు పొరల గాజు పెడితే ఆ 680 సగానికి సగం పడిపోతుంది. అంత బడ్జెట్ లేదంటే, సందర్శకులు వెళ్లిపోయాక గాజు బయటి వైపు మందపాటి పరదా దించినా బాగా తేడా వస్తుంది. థర్మోకోల్ పలకలు మాత్రం వద్దండీ, దగ్గరలో నిప్పురవ్వ లేచిందంటే వాటి పొగే జంతువుల ప్రాణం తీస్తుంది.

వేడితోపాటు తేమ లెక్క కూడా చూసుకోవాలి. 16 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉన్న గాలిని నీళ్లు కలపకుండా 28కి వేడెక్కిస్తే తేమ 30 శాతానికి కిందికి వస్తుంది. ఇగ్వానా ఆ పొడిగాలిలో వారాల తరబడి ఉంటే పాత చర్మం సరిగా ఊడదు, పాము కుబుసం కంటి దగ్గర, తోక దగ్గర అంటుకుపోతుంది. కీపర్లు దాన్ని జబ్బు అనుకుంటారు. అసలు కారణం హీటరు.

మొత్తం గదిని ఒకే ఉష్ణోగ్రతకు తేవడం కూడా పొరపాటే. సరీసృపం తన ఒంటి వేడిని చోటు మారుతూ సర్దుకుంటుంది. 1944లో రేమండ్ కౌల్స్, చార్లెస్ బోగర్ట్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు ఎడారి బల్లులు, పాముల మీద పనిచేసి ప్రచురించిన పరిశీలనల దగ్గర్నుంచి ఇది స్థిరపడిన విషయం. ఎండలోకి, నీడలోకి, బొరియలోకి మారుతూ అవి తమకు నచ్చిన ఉష్ణోగ్రతను ఆశ్చర్యపోయేంత కచ్చితంగా నిలబెట్టుకుంటాయి. మూసిన గదిలో ఆ పని చేయాలంటే ఒక మూల వెచ్చగా, ఎదురు మూల చల్లగా ఉండాలి, రెండు మూలల్లోనూ దాక్కునే చోటుండాలి. వెచ్చని మూలలో మాత్రమే గుహ పెడితే పాము వేడి భరించలేకపోయినా అక్కడే ఉంటుంది. భయం ముందు సౌఖ్యం నిలవదు వాటికి.

పెద్ద జంతువు దగ్గరికి వచ్చేసరికి మరో చిక్కు. చలిమంట ముందు కూర్చున్న మనిషికి మోకాళ్లు కాలుతుంటాయి, వీపు వణుకుతుంటుంది. పది అడుగుల కొండచిలువ మీద ఒక్క 200 వాట్ల బల్బు వేలాడదీస్తే జరిగేదీ అదే. వీపు మీద చేతి వెడల్పు మేర మాత్రం కాలుతుంది, మిగతా ఒళ్లు చల్లగా ఉంటుంది. ఒళ్లు వెచ్చబడలేదు కాబట్టి పాము అక్కడి నుంచి కదలదు. కదలదు కాబట్టి చర్మం ఉడుకుతుంది. పెంపకంలో ఉన్న పాములకు పశువైద్యులు చూసే కాలిన గాయాల వెనుక తరచూ ఈ కథే ఉంటుంది. పాము వేడి వస్తువు నుంచి మనలా చటుక్కున వెనక్కి తగ్గదు. అందువల్ల జంతువు చుట్టచుట్టుకుంటే ఎంత మేర ఆక్రమిస్తుందో కనీసం అంత మేర పైనుంచి సమంగా వేడి పడాలి. ఒక పెద్ద బల్బు బదులు నాలుగు చిన్నవి దూరదూరంగా, ఇంకాస్త ఎత్తులో ఉంటే అది సాధ్యమవుతుంది. రిఫ్లెక్టరు లేని బల్బు నుంచి అడుగు దూరంలో పడే వేడి రెండడుగుల దూరంలో సుమారు నాలుగో వంతే. ఎత్తు మార్చడమంటే వాటేజీ మార్చడమే.

సామాను విషయానికొస్తే, రాడ్లు ఎర్రగా కాలే రూమ్ హీటర్లు, హాలోజెన్ హీటర్లు ఎన్‌క్లోజరు లోపల ఎక్కడా ఉండకూడదని నేను గట్టిగా అంటాను. అవి గదిలో మెలకువగా కూర్చున్న మనిషి కోసం చేసినవి. ఎండుగడ్డి, గోనెపట్టా, తోక విసురు, నీళ్లతొట్టి మధ్యలో ఆ రాడ్లకు పని లేదు. మామూలు ఫిలమెంటు బల్బు తన కరెంటులో తొంభై శాతానికి పైగా వేడిగానే వదులుతుంది కాబట్టి పగటిపూట బాగా పనికొస్తుంది. రాత్రంతా వెలిగితే జంతువుకు చీకటి ఉండదు. ఎర్ర బల్బు పెడితే వాటికి కనిపించదన్న నమ్మకం ఒకటుంది, దాన్ని నమ్మకండి. ఇక కరెంటు ఆదా అని స్టోరు నుంచి ఎల్‌ఈడీ బల్బులు వచ్చాయంటే ఆ రాత్రికి వెలుతురు తప్ప వేడి లేనట్టే.

రాత్రికి వెలుతురు లేని వేడి కావాలి. సిరామిక్ ఎమిటర్లు ఆ పని చేస్తాయి కానీ వాటి ఒళ్లు వందల డిగ్రీలకు చేరుతుంది, ఆరిపోయాక కూడా చాలాసేపు కాలుతూనే ఉంటుంది, పైగా వెలగదు కాబట్టి నడుస్తోందో లేదో చూసి చెప్పలేం. మన దగ్గర గోడలకు ఉండే హోల్డర్లు ఎక్కువగా పిన్ను రకం, అదీ ప్లాస్టిక్‌వి. సిరామిక్ ఎమిటరుకు మరలు తిరిగే రకం పింగాణీ హోల్డరే ఉండాలి. మధ్యలో అడాప్టరు ముక్క పెట్టి ప్లాస్టిక్ హోల్డరుకు తగిలిస్తే కొన్నాళ్లకు హోల్డరు మెత్తబడి మొత్తం గడ్డి మీద పడుతుంది. చుట్టూ తీగ వల బోను తప్పనిసరి, వల కూడా ఎమిటరుకు దూరంగా ఉండాలి, ఎందుకంటే పాము ఆ వల మీదే చుట్టుకుంటుంది. పెద్ద గదికి నేను ఎంచుకునేది పైకప్పుకు బిగించే రేడియంట్ ప్యానెల్. పలకలా వెడల్పుగా ఉండి, ఎమిటరు కంటే చాలా తక్కువ ఉష్ణోగ్రతలో, ఎక్కువ మేరకు వేడి పంచుతుంది. ఖరీదు ఎక్కువే, ఒప్పుకుంటాను.

నేల కింద పెట్టే హీట్ మ్యాట్ల మీద నాకు నమ్మకం తక్కువ, బరువైన జంతువుల విషయంలో మరీను. నలభై కిలోల పాము మ్యాటు మీద చుట్టుకుంటే వేడి పైకి పోయే దారి మూసుకుపోతుంది, పాము కింద ఉష్ణోగ్రత పెరుగుతూ పోతుంది. ఉష్ణోగ్రతను కొలిచే థర్మోస్టాట్ ప్రోబు రెండడుగుల అవతల ఉంటే దానికి ఆ సంగతి తెలియదు. మొత్తం గదిని నాలుగు డిగ్రీలు పెంచాలన్నది మాత్రమే అవసరమైతే, ఎన్‌క్లోజరుల వెనుక కీపర్లు తిరిగే నడవాలో ఆయిల్ నింపిన రేడియేటర్లు పెట్టి, ఆ వెచ్చని గాలిని జాలీల గుండా లోపలికి రానిస్తే సరిపోతుంది. జంతువుకు హీటరు అందదు, హీటరుకు గడ్డి అందదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న: ఎప్పుడు ఆగాలో హీటరుకు ఎవరు చెబుతారు? ఏ హీటరైనా థర్మోస్టాట్ లేకుండా మూసిన గదిలోకి పోకూడదు. ఉదయం ఆరింటికి ఫలానా కీపరు స్విచ్ ఆపుతాడు అన్న ఏర్పాటును నేను కంట్రోలు అనను. ఆయనకు జ్వరం రావచ్చు, ఆ రోజు సంక్రాంతి కావచ్చు. బల్బులకైతే డిమ్మింగ్ రకం, సిరామిక్ ఎమిటర్లకు, ప్యానెళ్లకు పల్స్ రకం థర్మోస్టాట్ నప్పుతుంది. ప్రోబు గోడకు వేలాడుతూ ఉండకూడదు. జంతువు వెచ్చదనం తీసుకునే చోట, దాని వీపు ఉండే ఎత్తులో, అది పీకేయలేనంత గట్టిగా బిగించి ఉండాలి. ప్రోబు ఊడి చల్లని నేల మీద పడిందనుకోండి, గది ఇంకా చల్లగానే ఉందనుకుని థర్మోస్టాట్ హీటరును ఆపదు. ప్రోబు తెగితే సరఫరా ఆపేసే మోడలే కొనాలి.

అంతటితో సరిపోదని నా వృత్తి నేర్పింది. రిలే ఉన్న థర్మోస్టాట్ అయితే ఆ రిలే వేల సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఎప్పుడో ఒకసారి దాని కాంటాక్టులు నిప్పురవ్వకు కరిగి అతుక్కుపోతాయి. రిలే పాడైపోయే తీరుల్లో ఇది చాలా మామూలు, అలా పాడైనప్పుడు హీటరు ఆన్‌లోనే ఉండిపోతుంది. మనం పెట్టిన అంకెనే చూపే డిస్‌ప్లే అయితే బుద్ధిగా 30 అనే చూపిస్తుంటుంది. ఫ్యాక్టరీలో ఒక చిన్న ఓవెన్‌కైనా దీని విరుగుడుగా రెండో కటాఫ్ పెడతాం. దాని సెన్సారు వేరు, దాని కాంటాక్టరు వేరు, మొదటిదానితో వరసగా కలిపి ఉంటుంది. గది 36 దాటగానే మొత్తం హీటింగ్ లైనును తెంచేస్తుంది, చేత్తో రీసెట్ చేసేదాకా మళ్లీ ఇవ్వదు. రొట్టెలు కాల్చే ఓవెన్‌కు ఉన్న ఈ రక్షణ ప్రాణమున్న జంతువు గదికి లేకపోతే ఎలా?

ఇక వైరింగు. 2000 వాట్ల రేడియేటరు 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని 6 ఆంపియర్ల సాకెట్‌కో, ఎక్స్‌టెన్షన్ బాక్సుకో తగిలించకూడదు. రోజూ పైపుతో కడిగే నేల, తడి చేతులు, ఇనుప తలుపులు ఉన్నచోట ఎంసీబీ ఒక్కటే ఉంటే మనిషికి రక్షణ లేనట్టే. అది ఓవర్‌లోడుకు, షార్ట్ సర్క్యూట్‌కు పడిపోతుంది కానీ ఒంట్లోంచి పారే చిన్న లీకేజీని పట్టించుకోదు. ఆ లీకేజీని పట్టే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి, వారానికోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. ఇది జంతువు కంటే ముందు మీ కీపరు ప్రాణం కోసం.

పొగ డిటెక్టరు సంగతి కూడా ఇక్కడే రాయాలి. 1995 డిసెంబర్ 24న అమెరికాలోని ఫిలడెల్ఫియా జూలో తెల్లవారకముందే ప్రైమేట్ల భవనానికి నిప్పంటుకుంది. గొరిల్లాలు, ఒరాంగుటాన్లు, గిబ్బన్లు, లెమూర్లు కలిపి 23 ప్రాణులు పొగకు ఊపిరాడక చనిపోయాయి. మంటకు మూలం వేడి కోసం వేసిన ఎలక్ట్రిక్ కేబులు అని తేలింది. అంతకు ముందే కాపలావాళ్లకు పొగవాసన వచ్చింది, పక్కనున్న రైల్వే యార్డు నుంచి వస్తోందనుకున్నారు. మన జూల చుట్టూ చలికాలం తెల్లవారుజామున చెత్త తగలబెట్టే వాసన ఎప్పుడూ ఉండేదే. మనిషి ముక్కు మీద ఆధారపడితే ఇక్కడా అదే పొరపాటు జరగడానికి ఎంతో దూరం లేదు. పాముల గదుల వెనుక నడవాలో డిటెక్టరు, అది మోగితే రాత్రి డ్యూటీ గది దాకా వినిపించే గంట, రెండూ కావాలి.

మీరు జాగ్రత్త పడాలనడానికి ఇంకో కారణం ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024లో వచ్చిన నమోదు నిబంధనల తర్వాత, ఇళ్లలో ఇగ్వానాలు, బాల్ పైథాన్లు పెంచుకునేవాళ్లు వాటిని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాల్సి వచ్చింది. ఆ చట్టం జంతువు వివరాలు అడుగుతుంది, పెంచేవాడు హీటరు ఎలా పెట్టాలో నేర్పదు. నేర్చుకోవాలనుకున్నవాడు జూకే వస్తాడు, మీ గాజు గదిలో వేలాడుతున్నదాన్ని చూసి ఇంటికెళ్లి అదే వేలాడదీస్తాడు. అపార్ట్‌మెంట్ ఏడో అంతస్తులో, పరుపు పక్కన.

కాబట్టి నా విన్నపాలు. వచ్చే చలికాలం టెండరులో 'హీటర్లు, ఇన్ని' అన్న వరస బదులు 'హీటరు, థర్మోస్టాట్, వేరే సెన్సారుతో రెండో కటాఫ్, పింగాణీ హోల్డరు, తీగ వల' అన్నీ కలిపి ఒకే ఐటమ్‌గా రాయించండి, విడివిడిగా కొనే వీలు లేకుండా. బిగించాక బిల్లు పాస్ చేసే ముందు రెండు పరీక్షలు పెట్టండి. ఒకటి డిసెంబరులో తెల్లవారుజామున నాలుగింటికి, గది చల్లని మూలలో, వెచ్చని మూలలో ఎంతుందో చూడటం. రెండోది ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం రెండింటికి, మొదటి థర్మోస్టాట్‌ను కావాలని బైపాస్ చేసి, జంతువు లేని గదిలో రెండో కటాఫ్ పడుతుందో లేదో గడియారం పట్టుకుని చూడటం. కాంట్రాక్టరు ఈ రెండో పరీక్షకు ఒప్పుకోకపోతే ఆ బిల్లు మీద సంతకం పెట్టకండి. ఆ పరీక్షకు ప్యానెల్ దగ్గర మీ ఎలక్ట్రీషియన్ పక్కన నిలబడి సాయం చేయడానికి ఎవరైనా కావాలంటే నేను వస్తాను, రిటైరయ్యాక మధ్యాహ్నాలు ఖాళీయే.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఎలక్ట్రికల్ ఇంజినీరు
హైదరాబాద్